మండు నది నుండి విద్యుత్తు
వేడిమిని తగ్గించుటకై జరిగిన ప్రయత్నముల చరిత్ర

బీర్కూరునకు చేరువనే మంజీర ప్రవహించుచున్నది. దానికి ఎగువన నిజాంసాగరము. 1923లో మొదలై 1931లో ముగిసిన ఆ జలాశయ నిర్మాణమునకు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూరు ప్రధాన శిల్పి. నాటినుండి ఆ కాలువల నీటితో బాన్సువాడ, బీర్కూరు, బోధను ప్రాంతముల పొలములు వరి పండించుచున్నవి. తరువాత 1950లలో ఆ ఆనకట్టకు ఒక చిన్న జలవిద్యుత్కేంద్రము తోడైనది. అందు జరుగు పని మనకు తెలిసినదే. నీరు పడును, చక్రము తిరుగును, చక్రముతోపాటు అయస్కాంతము తీగచుట్టల నడుమ తిరుగును, దీపము వెలుగును.

ఇప్పుడొక ప్రశ్న. ఈ నడుమనున్న చక్రము అవసరమా? నీటి ప్రవాహమే కదలుచున్నప్పుడు, ఆ కదలికను చక్రమునకు అప్పగించి, చక్రమునుండి తిరిగి విద్యుత్తును పుచ్చుకొనుట యెందుకు? ప్రవాహమునుండియే నేరుగా విద్యుత్తును గ్రహింపరాదా?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. దీనిని మొదట అడిగినవాడు, విద్యుజ్జనకమునకు మూలసూత్రమును కనుగొన్న మైకేల్ ఫారడేయే. అయస్కాంత క్షేత్రములో కదలు లోహమునందు విద్యుత్తు పుట్టునని ఆయన 1831లో నిరూపించెను. భూమియే ఒక పెద్ద అయస్కాంతము; ఉప్పు కలిసిన నీరు విద్యుద్వాహకము; కావున నది కూడ ఒక విద్యుజ్జనకము కావలెనని ఆయన ఊహ. 1832 జనవరిలో లండను నగరమున వాటర్లూ వంతెనపై సుమారు 960 అడుగుల తీగను పరచి, దాని కొసలకు రాగి పలకలు కట్టి, థేమ్సు నదిలో ముంచి చూచెను. మాపకములోని ముల్లు కదలినది కాని, ఆ కదలిక నిలుకడగలది కాదు. పలకలకును నీటికిని జరుగు రసాయన చర్యలు, నీటి వేడిమిలోని హెచ్చుతగ్గులు అసలు ఫలితమును మరుగుపరచినవి. ప్రయోగము విఫలమైనది కాని ఊహ తప్పు కాదు. 1851లో ఇంగ్లీషు చానలు అడుగున వేసిన తంతి తీగలో, ఆటుపోట్లను అనుసరించి మారు విద్యుత్తును వొలాస్టను గమనించెను.

ఇదే లెక్కను మంజీరకు వర్తింపజేసి చూతము. వానకాలమున నది 200 మీటర్ల వెడల్పుతో, సెకనుకు ఒక మీటరు వేగముతో పారుచున్నదనుకొందము. మన ప్రాంతమున భూమి అయస్కాంత క్షేత్రము చాలవరకు అడ్డముగా ఉండును. నిలువుగానుండు భాగము తక్కువ. అందువలన ఈ గట్టునకును ఆ గట్టునకును నడుమ ఏర్పడు విద్యుత్పీడనము మూడు నాలుగు మిల్లీవోల్టులు మాత్రమే. టార్చిలైటులో వేయు ఒక్క సెల్లు ఇంతకు నాలుగువందల రెట్లు ఇచ్చును. కావున నదినుండి దీపము వెలుగదు. దీపము వెలుగవలెనన్న మూడు కావలెను: మిక్కిలి బలమైన అయస్కాంతము, మిక్కిలి వేగముగల ప్రవాహము, విద్యుత్తును చక్కగా ప్రసరింపజేయు పదార్థము. మొదటి రెండింటి ప్రభావము వర్గక్రమమున పెరుగును; అయస్కాంత బలము రెండింతలైన విద్యుత్తు నాలుగింతలగును. మూడవదాని ప్రభావము సమపాలుగా ఉండును. ఈ మూడును గుర్తుంచుకొన్నచో తక్కిన కథ సులభము.

నీటికి బదులు నిప్పు

మన బొగ్గు విద్యుత్కేంద్రములలో ఆవిరి వేడిమి సుమారు 540 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే చిరకాలము నిలిచియుండెను. అంతకు మించినచో ఉక్కు గొట్టములును చక్రపు రెక్కలును మెత్తబడి సాగును. మేలైన మిశ్రలోహములతో తరువాత 600 డిగ్రీల వరకు పోగలిగిరి. కాని కొలిమిలోని మంట వేడిమి దీనికి రెండు మూడు రెట్లు. 1824లో సాడీ కార్నో చెప్పిన సూత్రము ప్రకారము, పని ఎంత హెచ్చు వేడిమివద్ద మొదలైనచో అంత ఎక్కువ భాగము శక్తిగా మారును. కొలిమిలోని 2,000 డిగ్రీలను విడిచి 540 డిగ్రీలవద్ద పని మొదలుపెట్టుట, కొండమీది నీటిని నేలకు జారవిడిచి, ఆపైన చిన్న గట్టుమీదినుండి చక్రము తిప్పుకొనుట వంటిది. అందువలననే అట్టి కేంద్రములు బొగ్గులోని శక్తిలో మూడింట ఒక వంతునకు కొంచెము పైగా మాత్రమే విద్యుత్తుగా మార్చగలిగినవి.

మండు వాయువునే నదిగా చేసి, తిరుగు భాగమేదియు లేని ఒక కాలువగుండ పంపి, దానికి అడ్డముగా బలమైన అయస్కాంతమును నిలిపినచో? రెండు ప్రక్కల గోడలలో అమర్చిన పలకలనుండి విద్యుత్తు నేరుగా వచ్చును. తిరుగు రెక్కలు లేవు గనుక అవి కరగునను భయము లేదు. దీనికే మాగ్నెటో హైడ్రోడైనమిక్ విద్యుదుత్పాదనమని పేరు. పలుకుటకు దీర్ఘముగనున్నది గనుక ఎం.హెచ్.డి. అందురు. ఆ కాలువ దాటి వచ్చు వాయువు ఇంకను మిక్కిలి వేడిగనే ఉండును గనుక, దానితో ఆవిరి పుట్టించి మామూలు చక్రములను కూడ త్రిప్పవచ్చును. రెండును కలిసి బొగ్గులోని శక్తిలో సగమునకు మించి రాబట్టగలవని శాస్త్రజ్ఞుల ఆశ.

హంగరీ దేశీయుడైన బేలా కార్లోవిట్సు 1938లో అమెరికాలోని వెస్టింగ్‌హౌస్ సంస్థయందు దీనిని ప్రయత్నించెను. కొన్ని సంవత్సరములు శ్రమించెను. విద్యుత్తు దాదాపు రాలేదు. కారణము మూడవ షరతు. మంటలోని వాయువు ఎంత వేడిగనున్నను విద్యుత్తును సరిగా ప్రసరింపనీయలేదు.

సాహా సూత్రము, విత్తనపు మందు

వాయువు విద్యుద్వాహకము కావలెనన్న దాని పరమాణువులనుండి ఎలక్ట్రానులు విడివడవలెను. వేడిమి ఎంతయున్న ఎన్ని ఎలక్ట్రానులు విడివడునో లెక్కించు సమీకరణమును 1920లో లోకమునకిచ్చినవాడు మన మేఘనాథ్ సాహా. ఆయన సూర్యుని వాయుమండలము కొరకు దానిని రచించెను. నలుబది సంవత్సరముల తరువాత అదే సమీకరణము విద్యుత్కేంద్రపు కాలువను గూర్చిన లెక్కలకు పునాది యైనది.

ఆ సమీకరణము చెప్పు సంగతి కఠినమైనది. కొలిమి వాయువులో అధికభాగమగు నత్రజని అణువునుండి ఒక ఎలక్ట్రానును విడదీయుటకు సుమారు 15.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావలెను. ఏ కొలిమి వేడిమియు దానికి చాలదు. పొటాషియము పరమాణువునకైనచో 4.34 చాలును, సీసియమునకు 3.89 చాలును. కావున మంటలో నూటికి ఒకటి వంతుననో అంతకు తక్కువగనో పొటాషియము లవణమును కలిపినచో వాయువు వాహకమగును. రైతు పొలములో విత్తనము చల్లినట్లే మంటలో దీనిని చల్లుదురు. శాస్త్రజ్ఞులు కూడ దీనిని విత్తనమనియే పిలిచిరి. సీసియము మేలైనదే గాని వెల ఎక్కువ. అందువలన పొటాషియము స్థిరపడెను. అది బొగ్గులోని గంధకముతో కలిసి పొటాషియము సల్ఫేటుగా మారి, పొగను కొంత శుభ్రపరచుటయు ఒక లాభము.

1959లో అమెరికాలోని ఆవ్కో ఎవరెట్ పరిశోధనాలయమున రిచర్డ్ రోజా ఈ విధముగనే 11.5 కిలోవాట్ల విద్యుత్తు పుట్టించి దీపములు వెలిగించి చూపెను. కొన్ని క్షణముల ముచ్చట యది. కాని ప్రపంచమంతటను ఉత్సాహము రేకెత్తినది. సోవియట్ యూనియనులో ఉన్నతోష్ణోగ్రతల పరిశోధనాసంస్థ 1971లో మాస్కోవద్ద యు-25 అను కేంద్రమును నడపనారంభించెను. అది సహజవాయువుతో నడచి సుమారు 20 మెగావాట్లవరకు ఎం.హెచ్.డి. విద్యుత్తు నిచ్చినది.

ఇంతవరకు జయమే. అసలు చిక్కు ఇక్కడ మొదలైనది. విత్తనము చల్లినను వాయువు 2,200 డిగ్రీల సెంటిగ్రేడునకు పైననే చక్కగా పనిచేయును. 1,700 డిగ్రీలకు దిగునప్పటికి దాని వాహకత ఇంచుమించు పదవ వంతునకు పడిపోవును. కాలువ చివర వాయువు చల్లబడగనే విద్యుత్తు ఆగును. మిగిలిన వేడిమి అంతయు ఆవిరి యంత్రమునకే పోవును. ప్రారంభమున అంత వేడిమి కావలెనన్న గాలిని ముందుగనే కాచవలెను, లేదా దానికి ప్రాణవాయువును అధికముగా చేర్చవలెను. ఆ వేడిమివద్ద గోడల పింగాణియు పలకలును కొట్టుకొని పోవును. పొటాషియము, కరగిన బూడిద కలిసి వానిని తినివేయును. గాలిలోని నత్రజని సైతము మండి హానికరమగు వాయువులను పుట్టించును. క్షణములు నడచు యంత్రమును సంవత్సరములు నడుపుట ఎట్లు? వేడిమిని తగ్గింపనిదే ఇది సాధ్యము కాదు. కాని వేడిమిని తగ్గించినచో విద్యుత్తే రాదు. గత శతాబ్దపు ఉత్తరార్ధములో అనేక దేశముల శాస్త్రజ్ఞులను వేధించిన సమస్య యిది.

రేడియో వాల్వు చెప్పిన పాఠము

ఇట్టి సమస్య ఒకటి పూర్వము మన ఇండ్లలోని రేడియో పెట్టెయందే ఉండెను. వాల్వుల రేడియో వేడెక్కి పాట వచ్చువరకు వేచియుండిన పెద్దలు ఇప్పటికిని ఉన్నారు. వాల్వులోని తీగ వేడెక్కినప్పుడు దానినుండి ఎలక్ట్రానులు వెలువడును. తొలి వాల్వులలో ఆ తీగ ఉత్త టంగ్‌స్టను. దానిని 2,200 డిగ్రీలవరకు కాచవలసివచ్చెడిది. అది దీపమువలె ప్రకాశించి త్వరగా మాడిపోయెడిది. టంగ్‌స్టనుకు కొంచెము థోరియము చేర్చినంతనే 1,700 డిగ్రీలు చాలినవి. బేరియము, స్ట్రాన్షియము ఆక్సైడుల పూత పూసినచో సుమారు 800 డిగ్రీల మసక ఎఱుపుతోనే పని నడచినది. ఈ పూత గుణమును వేనెల్టు 1904 నాటికే కనుగొనెను. వేడిమి తగ్గినకొలది వాల్వు ఆయుర్దాయము పెరిగినది. రేడియో సామాన్య గృహములకు వచ్చినది.

పొటాషియము విత్తనము చేయు పనియు ఇదే: ఎలక్ట్రానులను సులభముగ విడుచు పదార్థమును చేర్చుట. అయితే వాల్వులో పూత పూసినది ఘనపదార్థమునకు. ఇచ్చట చల్లినది సెకనుకు వందల మీటర్ల వేగముతో పరుగిడు మంటలో. అందువలన రేడియోకు దొరకినంత సులభముగ ఎం.హెచ్.డి.కి పరిష్కారము దొరకలేదు. శాస్త్రజ్ఞులు మూడు త్రోవలు త్రొక్కిరి.

మూడు త్రోవలు

మొదటిది, వాహకత తగ్గినను నష్టము లేకుండునట్లు అయస్కాంతమును బలపరచుట. దీనికి అతివాహక తీగల అయస్కాంతములు కావలెను. అవి ద్రవ హీలియములో, అనగా సున్నకు దిగువ 269 డిగ్రీలవద్ద ఉండవలెను. ఒక ప్రక్క రెండువేల డిగ్రీల మంట, దానికి జానెడు బారెడు దూరమున సృష్టిలోనే అరుదైన చలి! 1977లో అమెరికా ఆర్గాన్ ప్రయోగశాలలో నిర్మించిన సుమారు 40 టన్నుల అట్టి అయస్కాంతమును విమానములో మాస్కోకు చేర్చిరి. రెండు దేశముల నడుమ ప్రచ్ఛన్నయుద్ధము సాగుచున్న రోజులవి. అయినను యు-25 కేంద్రమునకు చెందిన శాస్త్రజ్ఞులును అమెరికా శాస్త్రజ్ఞులును ఒక్క యంత్రమువద్ద కలిసి పనిచేసిరి. ఈ త్రోవలో వేడిమి కొంత దిగినది కాని, వందల డిగ్రీలు దిగలేదు. సాహా సమీకరణపు పట్టు అంత గట్టిది.

రెండవ త్రోవ మిక్కిలి చమత్కారమైనది. వాయువు నంతటిని కాచుట యెందుకు? ఎలక్ట్రానులు మాత్రము వేడిగనుండి, తక్కిన వాయువు చల్లగనుండిన చాలదా? మసాచుసెట్సు సాంకేతిక సంస్థకు చెందిన కెర్రెబ్రాక్ మొదలగువారు 1960లలో దీనిని విచారించిరి. ఆర్గాను, హీలియము వంటి జడవాయువులలో సీసియమును కలిపి పంపినచో, కాలువలో పుట్టిన విద్యుత్తే ఎలక్ట్రానులను మరింత వేడెక్కించును. ఈ వాయువుల పరమాణువులు ఒంటరివి గనుక ఎలక్ట్రానుల వేడిని వెంటనే అపహరింపవు. అప్పుడు వాయువు 1,500 డిగ్రీలవద్దనున్నను వాహకత నిలుచును. కాని 1962లో సోవియట్ శాస్త్రజ్ఞుడు వెలిఖోవు ఒక ప్రమాదమును కనిపెట్టెను. ఎలక్ట్రానులు ఎక్కువ వేడెక్కిన చోట వాహకత పెరిగి, మరింత విద్యుత్తు ఆ చోటికే చేరి, ప్రవాహము పాయలుపాయలుగా చీలిపోవును. వానకాలపు వరద ఒక్క గండి దొరకిన అక్కడికే ఎగబడునట్లు. దీనిని అదుపుచేయుటకు హాలెండులోని ఐండ్‌హోవెన్‌లోను, జపానులోని టోక్యో సాంకేతిక సంస్థలోను దశాబ్దములు కృషి జరిగినది. మంచి ఫలితములు వచ్చినవి. అయినను జడవాయువు మంటలో పుట్టునది కాదు. దానిని వేరొక కొలిమినుండి కాచవలెను. అంత వేడిమికి ఓర్చి బూడిద చేరనీయని తాపనయంత్రము కావలెను. చిక్కు కాలువనుండి కొలిమికి మారినది.

మూడవ త్రోవ వాయువును విడిచి కరగిన లోహమునే ప్రవాహముగా చేయుట. సోడియము 98 డిగ్రీలకే కరగును; సోడియము, పొటాషియముల మిశ్రమము కొన్ని పాళ్లలో మామూలు వాతావరణములోనే ద్రవముగనుండును; పాదరసము సంగతి చెప్పనక్కరలేదు. వీని వాహకత విత్తనము చల్లిన మంటకంటె పదివేల రెట్లకును పైన. దీనితో రెండువేల డిగ్రీల సమస్య ఒక్కపెట్టున కొన్ని వందల డిగ్రీలకు దిగినది. ఇశ్రాయేలులోని బీర్‌షేబా విశ్వవిద్యాలయములో హెర్మన్ బ్రానోవరును, మన భాభా అణుపరిశోధన కేంద్రపు శాస్త్రజ్ఞులును ఈ మార్గమున పనిచేసిరి. అయితే కరగిన లోహమును పరుగెత్తించుట యెట్లు? వాయువును గాని ఆవిరిని గాని బుడగలుగా కలిపి త్రోయవలెను. బుడగలు తేలిక; అవి బరువైన లోహమును వెనుక విడిచి తాము ముందుకు జారిపోవును. త్రోయవలసినవాడు తప్పించుకొని పోయినట్లే! వేడిమి తగ్గిన కొలది కార్నో సూత్రపు లాభమును తగ్గినది. ఈ త్రోవకును మూల్యము తప్పలేదు.

తిరుచినాపల్లి ప్రయోగము

మన దేశమున ఈ ప్రయత్నమునకు 1970లలో అంకురార్పణ జరిగినది. భాభా అణుపరిశోధన కేంద్రము, భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ సంస్థ కలిసి, సోవియట్ శాస్త్రజ్ఞుల సహకారముతో, తిరుచినాపల్లిలో ఒక ప్రయోగాత్మక కేంద్రమును నిర్మించినవి. 1980ల నడుమ అది పనిచేయనారంభించెను. దాని ఉష్ణసామర్థ్యము 5 మెగావాట్లు. బొగ్గునుండి తీసిన వాయువు దానికి ఇంధనము. తిరుచినాపల్లి తెలుగువారికి పరాయి ఊరు కాదు; రాణి మంగమ్మ వంటి నాయక ప్రభువులు ఏలిన నగరమది. అచ్చటి బాయిలరు కర్మాగారము 1960లనుండి దేశమంతటి విద్యుత్కేంద్రములకు బాయిలర్లు సమకూర్చుచున్నది. వేడిమితో వ్యవహరించుట తెలిసిన చోటనే ఈ పరీక్ష సాగెను.

భారతదేశము దీనియందు ఆసక్తి చూపుట సహజము. మనకు బొగ్గు కలదు. కాని అందు బూడిద పాలు హెచ్చు. సింగరేణి బొగ్గుతో 1983లో మొదటి యూనిటు ప్రారంభించిన రామగుండము కేంద్రమువంటి వానిలో టన్నుబొగ్గుకు మరికొంత విద్యుత్తు రాబట్టగలిగినచో దేశమునకు ఎంత మేలు! కాని ఆ బూడిదయే ఎం.హెచ్.డి. కాలువకు శత్రువు. అందుచేతనే మొదట బొగ్గును వాయువుగా మార్చి కాల్చవలసివచ్చినది.

ఎందుకు నిలిచిపోయినది?

సోవియట్ యూనియను ర్యాజాను నగరమువద్ద 500 మెగావాట్ల పైబడిన కేంద్రమును తలపెట్టి, తుదకు ఎం.హెచ్.డి. భాగమును మానుకొన్నది. అమెరికా ప్రభుత్వము 1993లో తన కార్యక్రమమును ముగించినది. మన దేశములోను అది ప్రయోగదశ దాటలేదు.

దీనిని ఓడించినది మరియొక యంత్రము. అదియు వేడిమి సమస్యనే ఎదుర్కొన్నది. వేరొక ఉపాయము పన్నినది. గ్యాసు టర్బైను తయారుచేయువారు మంటను చల్లార్చలేదు, రెక్కను చల్లార్చిరి. రెక్కలోపల సన్నని రంధ్రములు తొలిచి గాలి పంపి, పైన పింగాణి పూత పూసి, 1,500 డిగ్రీల వాయువులో సైతము లోహమును బ్రతికించిరి. దాని వెనుక ఆవిరి చక్రమును చేర్చగా, నేడు ఇంధనశక్తిలో నూటికి 60 పాళ్లకు మించి విద్యుత్తు వచ్చుచున్నది. ఎం.హెచ్.డి. వాగ్దానము చేసిన ఫలమును ఇది చేతికిచ్చినది. హైదరాబాదువద్ద రామచంద్రాపురములో ఇట్టి టర్బైనులు తయారైనవి. గోదావరి తీరమున విజ్జేశ్వరము, జేగురుపాడులలో 1990లలో ఇట్టి కేంద్రములు వెలసినవి. అయితే 2010 తరువాత సహజవాయువు చాలక ఆంధ్రదేశమున ఇట్టివి అనేకము చాలకాలము నిలిచిపోయినవి. యంత్రము మంచిదైన మాత్రమున చాలదు, ఇంధనమును ఉండవలెను. బొగ్గుకు అట్టి దక్షతను కలిగింపవలెనన్న పాత ప్రశ్న ఆ విధముగా జవాబు లేకయే మిగిలినది.

ఇంతకును ఈ శ్రమ వ్యర్థమా? కాదని నా అభిప్రాయము. పెద్ద అతివాహక అయస్కాంతములను నిర్మించుట, వేడికి ఓర్చు పింగాణులను తయారుచేయుట, ప్లాస్మా ప్రవాహమును అర్థముచేసికొనుట, ద్రవలోహములను త్రోయుట ఈ కృషివలన బాగుగ అలవడినవి. సోడియముతో చల్లబడు అణు రియాక్టర్లలో తిరుగు భాగము లేని విద్యుదయస్కాంత పంపులు వాడుదురు. అది ఇదే సూత్రమును తలక్రిందులుగా ఉపయోగించుట.

తిరుగు చక్రము లేకుండ విద్యుత్తు పుట్టవలెనను ఫారడే కల మాత్రము నెరవేరకపోలేదు. 2022లో రామగుండము కేంద్రపు జలాశయముపై 100 మెగావాట్ల తేలియాడు సౌరఫలకములు పూర్తిగా పనిచేయనారంభించినవి. ఒడ్డున బొగ్గు కొలిమి మండుచున్నది. నీటిపైన ఫలకములు ఏ చక్రమును త్రిప్పక, ఏ మంటయు లేక విద్యుత్తు నిచ్చుచున్నవి. కాని ప్రొద్దు క్రుంకగనే అవి నిద్రించును. అప్పుడు బీర్కూరు ఇంటి దీపమునకు ఆధారము మరల కొలిమియో, నిజాంసాగరపు నీరో, మరియొక కేంద్రమో కావలెను. కొలిమి మండుచున్నంత కాలము, దాని వేడిమిలో అధికభాగము పొగగొట్టపు దారిని, చల్లార్చు నీటి దారిని పోవుచున్నంత కాలము, ఆ వేడిమిని ఇంకను చక్కగా ఎట్లు వాడుకొందుమను ప్రశ్న తీరినది కాదు. ఫారడే వంతెనమీద నిలిచి నదిని చూచి అడిగిన ప్రశ్న అంత పాతది. ఇంకను అంత క్రొత్తది.